ఫాల్ కలర్స్ (ఆకులు రాలేముందు మారే రంగులు), పెళ్లిరోజు భోజనం రెండూ ఒక్క రోజులో అవుతాయా? (న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ వ్యాలీ)

ఎడిసన్_అల్లుడు:

అందరికీ నమస్కారం. జెర్సీకి వచ్చి పదేళ్లయింది. ప్రతి అక్టోబర్‌లో వాట్సాప్ గ్రూపుల్లో జనం ఎర్రటి చెట్ల కింద దిగిన ఫొటోలు చూసి "వచ్చే ఏడు తప్పకుండా పోదాం" అనుకోవడం, ఆ వచ్చే ఏడు పిల్లల జలుబో, సాకర్ ప్రాక్టీసో, నా ఆన్‌కాల్ డ్యూటీయో అడ్డుపడటం, ఇదే కథ. ఈసారి మాత్రం కుదిరేలా ఉంది. మా పదో పెళ్లిరోజు అక్టోబర్ మూడో వారంలో శుక్రవారం పడింది. గుంటూరు నుంచి అత్తగారు, మామగారు వచ్చి ఉన్నారు, "పిల్లల్ని మేం చూసుకుంటాం, మీరిద్దరూ ఎక్కడికైనా పోయి రండి" అని అత్తగారే అన్నారు. రాత్రికి అక్కడే ఉండిపోవడం మాత్రం కుదరదు, చిన్నవాడు వాళ్లమ్మ పక్కన లేకపోతే పడుకోడు. తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి.

నేను అనుకున్నది ఇదీ. పొద్దున్నే కారులో బయల్దేరి బేర్ మౌంటెన్, అక్కణ్నుంచి స్టార్మ్ కింగ్ శిల్పాల పార్కు, తర్వాత పొకీప్సీ దగ్గర హడ్సన్ నది మీద నడిచే వంతెన, చీకటి పడ్డాక ఏడు ఏడున్నరకి ఎక్కడైనా మంచి రెస్టారెంట్లో టేస్టింగ్ మెనూ (వాళ్లే ఎంచి ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే చిన్న చిన్న వంటకాలు). ఈ ప్లాన్ మా ఆవిడకి చూపిస్తే "ఇది పెళ్లిరోజా, తిరుపతి ప్యాకేజీ టూరా" అంది. నాకేమో ఎలాగూ వెళ్తున్నాం కదా అన్నీ చూసేస్తే పోతుంది కదా అని ఉంది.

అసలు టెన్షన్ భోజనం గురించే. మా ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నేను అన్నీ తింటాను. ఇద్దరం ఇంతవరకూ ఫైన్ డైనింగ్ అన్న చోటికి వెళ్లలేదు. తలకి నూటయాభై డాలర్లు పెట్టించి ఆవిడకి ఓ సలాడు, ఓ పాస్తా ఇచ్చి పంపిస్తే నాకు ముద్ద దిగదు. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకోటి, మూడో వారానికి ఆకులు ఉంటాయా, అప్పటికే రాలిపోతాయా?

హడ్సన్_గట్టున:

హడ్సన్ వ్యాలీలోనే ఫిష్‌కిల్‌లో పదిహేనేళ్ల నుంచి ఉంటున్నాను కాబట్టి కొంచెం చనువుగా చెప్తున్నా, ఏమీ అనుకోకండి. మీ ఆవిడ అన్నదే కరెక్టు.

మ్యాప్‌లో చుక్కలు దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. కానీ స్టార్మ్ కింగ్ ఒక్కటే 500 ఎకరాలు. కారు పార్కింగ్‌లో పెట్టాక అంతా నడకే. ఆండీ గోల్డ్స్‌వర్తీ కట్టిన రాతి గోడ ఒకటుంది, 2,278 అడుగులు, చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ వెళ్లి చెరువులోకి దిగి అవతలి ఒడ్డున మళ్లీ లేస్తుంది. దాని వెంట నడిచి తిరిగొచ్చేసరికే గంట అయిపోతుంది. మూడు గంటల కన్నా తక్కువ పెట్టుకుంటే వెళ్లడం అనవసరం. పైగా ఫాల్‌లో టికెట్లు టైమ్ ప్రకారం ముందే బుక్ చేసుకోవాలి. పొకీప్సీ వంతెన 1889 నాటి రైలు వంతెన, 1974లో తగలబడింది, 2009లో నడిచేవాళ్ల కోసం తెరిచారు. నీళ్ల మీద 212 అడుగుల ఎత్తు, పొడవు 1.28 మైళ్లు. ఆ చివరికి వెళ్లి ఈ చివరికి వస్తే రెండున్నర మైళ్లు దాటిపోతుంది. ఇవన్నీ ఒకే రోజు చేసి రాత్రి టేస్టింగ్ మెనూకి కూర్చుంటే మూడో కోర్సుకే మీరు కునుకు తీస్తారు.

ఇంకో లెక్క చూడండి. అక్టోబర్ మూడో వారంలో సూర్యాస్తమయం దాదాపు ఆరుంబావుకి. మీ డిన్నర్ ఏడున్నరకి. మధ్యలో గంటకు పైగా చీకట్లో కారులో కూర్చుని ఏం చూస్తారు? టేస్టింగ్ మెనూ అంటే రెండున్నర, మూడు గంటలు పడుతుంది. పదిన్నరకి లేచి ఎడిసన్ చేరేసరికి అర్ధరాత్రి. మీరేమో తొమ్మిది అంటున్నారు. అందుకని ముందు భోజనం టైమ్ ఖాయం చేసుకుని, దాని చుట్టూ మిగతాది పెట్టుకోండి. లంచ్ చేయండి. చాలాచోట్ల లంచ్ ప్రీ ఫిక్స్ (ఒకే ధరకి అన్ని కోర్సులూ) డిన్నర్ కన్నా చవక కూడా. లంచ్ శుక్రవారం దొరికే చోట్లు తక్కువే, ఇప్పట్నుంచే వెతకండి.

ఆకుల సంగతి. పైన ఉత్తరాన ఆడిరాండాక్స్ కొండల్లో సెప్టెంబర్ చివరికే మొదలై, క్యాట్‌స్కిల్స్ కొండల మీదుగా రంగు కిందికి దిగుతూ వస్తుంది, మా వైపు పీక్ అంటే అక్టోబర్ మధ్య నుంచి చివరిదాకా. మీ డేట్ బంగారం. ఏ ఏడు ఎలా ఉంటుందో మాత్రం వాతావరణం చేతిలో ఉంది. పసుపు రంగు ఆకులో ముందు నుంచీ ఉండేదే, పచ్చదనం విరిగిపోగానే బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, ఆకు అప్పటికప్పుడు చక్కెరతో తయారు చేసుకుంటుంది, పగలు ఎండ, రాత్రి చలి (గడ్డ కట్టేంత కాదు) ఉంటేనే బాగా పడుతుంది. వారమంతా ముసురు పట్టి గాలివాన వస్తే అదీ ఉండదు. న్యూయార్క్ రాష్ట్రం టూరిజం వాళ్లు సీజన్లో వారం వారం రిపోర్టు ఇస్తారు, అది చూడండి. కొలంబస్ డే వీకెండ్ (అక్టోబర్ రెండో సోమవారం సెలవు) తప్పిపోయింది మీకు, అదృష్టవంతులు. ఆ శనివారం బేర్ మౌంటెన్ పార్కింగ్ దగ్గర కొట్లాటలే.

ఇంకొక్క మాట. చీకటి పడే వేళ జింకలు. అక్టోబర్, నవంబర్‌లలో వాటి జత కట్టే కాలం, వెనకా ముందూ చూడకుండా రోడ్డు మీదికి దూకుతాయి. చెట్ల మధ్య రోడ్లు చీకటి పడకముందే దాటేయండి.

పప్పుచారు_ఫ్యాన్:

పులిహోర కట్టుకుని బేర్ మౌంటెన్ వెళ్లి చెట్టు కింద తిని, ఆ మూడొందల డాలర్లతో ఆవిడకి ఏదైనా కొనిపెట్టు బ్రో. నేనోసారి ఫైన్ డైనింగ్‌కి వెళ్లా. ఇంత పెద్ద పళ్లెంలో మధ్యన ఒక్క క్యారెట్. ఆ క్యారెట్ ఏ పొలంలో పెరిగిందో ఐదు నిమిషాలు చెప్పారు. తినడానికి అర నిమిషం పట్టింది. వచ్చేటప్పుడు ఎడిసన్‌లో మన హోటళ్లుండే ఓక్ ట్రీ రోడ్డులో ఆగి రెండు మసాలా దోసెలు తింటేగానీ ప్రాణం కుదుటపడలేదు.

సీతాఫలం_సీజన్:

పైన క్యారెట్ గారికి నవ్వొచ్చింది కానీ, ప్రశ్న అడిగిన ఆయన ఆవిడ గురించి అడిగారండీ, ఆ జవాబు ఎవరూ చెప్పలేదు. నేను కూడా శాకాహారినే, గుడ్డు తినను, మావారు అన్నీ తింటారు, కాబట్టి మీ ఇంటి పరిస్థితి నాకు బాగా తెలుసు.

ముందు నా అనుభవం. నాలుగేళ్ల క్రితం మా పెళ్లిరోజుకి ఒక పేరున్న చోటికి వెళ్లాం, పేరు వద్దులెండి. ఆన్‌లైన్ బుకింగ్‌లో "వెజిటేరియన్" అని టిక్ పెట్టి ఊరుకున్నాం. గుమ్మడికాయ సూప్ వచ్చింది, ఎంత బావుందో, సగం తాగాక ఎందుకో అనుమానం వచ్చి అడిగితే, చికెన్ స్టాక్‌తో (కోడి ఎముకలు మరిగించిన నీళ్లతో) చేశామని వడ్డించే అబ్బాయి మామూలుగా చెప్పాడు. వాళ్ల లెక్కలో ముక్క లేదు కాబట్టి అది వెజిటేరియనే. నేను ఏడవలేదు కానీ ఏడ్చినంత పనయింది. పాపం ఆ పిల్లాడి తప్పేం లేదు, మేం చెప్పాల్సినట్టు చెప్పలేదు.

అప్పట్నుంచి ఫోన్ చేస్తాను. యాప్‌లో నోట్ పెట్టినా సరే, మూడు నాలుగు రోజుల ముందు మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో, అంటే వంటగదిలో హడావుడి లేని టైమ్‌లో ఫోన్ చేసి విడివిడిగా చెప్తాను. మాంసం, చేప, గుడ్డు వద్దు. చికెన్ స్టాక్, బీఫ్ స్టాక్ వద్దు. ఫిష్ సాస్, ఆంకోవీ అనే చిన్న చేపలు వద్దు (సీజర్ సలాడ్‌లో ఆంకోవీ ఉంటుందని నాకు చాలా ఏళ్లు తెలీదు). జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) వద్దు, అది పన్నా కోటా, మూస్ లాంటి డెసర్ట్‌లలో దాక్కుంటుంది. పాలు, వెన్న, నెయ్యి ఫర్వాలేదు అని కూడా చెప్పాలి, లేకపోతే వీగన్ అనుకుని డెసర్ట్ కింద పండ్ల ముక్కలు ఇచ్చేస్తారు! అసలైన ఇటాలియన్ పార్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ వేస్తారు, దానికి మీ ఆవిడకి పట్టింపు ఉందో లేదో ముందే అడగండి. నాకుంది, మా చెల్లికి లేదు.

ఇలా చెప్తే విసుక్కుంటారేమో అనుకునేదాన్ని. నిజంగా మంచి చోటయితే విసుక్కోరు, పైగా వాళ్లకి అది సరదా. గుడ్డు లేకుండా డెసర్ట్ ఎలా చేయాలా అని పేస్ట్రీ షెఫ్ కూర్చుని ఆలోచిస్తుంది. "మేం చేయలేం" అని ఫోన్‌లోనే చెప్పేసేవాళ్లు కూడా మంచివాళ్లే, డబ్బులు మిగిల్చారు. "వచ్చాక చూద్దాంలెండి" అన్నవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

పైగా ఈ సీజన్ మనవాళ్లకి కలిసొచ్చేదే. బటర్‌నట్ గుమ్మడి, బీట్‌రూట్, పుట్టగొడుగులు, ఆపిల్, చెస్ట్‌నట్ అన్నీ ఇప్పుడే కోతకొస్తాయి. వేసవి టమాటాలు అయిపోయాక చలికాలంలో వెజిటేరియన్ మెనూ చప్పగా ఉంటుంది, అక్టోబర్‌లో అలా కాదు. ఇంకా దీపావళి అయ్యి కార్తీకం మొదలైతే మావారు కూడా నాన్‌వెజ్ మానేస్తారు, అప్పుడు ఇద్దరికీ ఒకటే మెనూ, బుకింగ్ చేసేవాళ్లకి కూడా సుఖం.

రైలుబండి_రాంబాబు_కాదు:

కారు ఎందుకండీ అసలు? గ్రాండ్ సెంట్రల్ నుంచి మెట్రో నార్త్ హడ్సన్ లైన్ ఎక్కండి, వెళ్లేటప్పుడు ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి. నది పట్టాల పక్కనే ఉంటుంది, నిజంగానే పక్కనే, కొన్నిచోట్ల రైలు నీళ్ల మీద పోతున్నట్టే ఉంటుంది. గంటా పావులోనో, గంటా ఇరవై నిమిషాల్లోనో కోల్డ్ స్ప్రింగ్‌లో దిగితే స్టేషన్ ముందే ఊరు. మెయిన్ స్ట్రీట్‌లో పాత సామాన్ల కొట్లు, పట్టాల కింద నుంచి సొరంగంలా ఉన్న దారిలో అటు దాటితే నది ఒడ్డు, ఎదురుగా స్టార్మ్ కింగ్ కొండ. మీరు స్టార్మ్ కింగ్ పార్కు కోసం కొట్టుకుంటున్నారు గానీ ఆ కొండ ఇక్కణ్నుంచి ఉచితంగా కనిపిస్తుంది.

రైల్లో అయితే భోజనంతో పాటు ఇద్దరూ ఓ గ్లాసు వైన్ తీసుకోవచ్చు, వెనక్కి ఎవరు నడపాలన్న గొడవ లేదు.

ఎడిసన్_అల్లుడు:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, థాంక్స్ అండీ అందరికీ. రైలు ఐడియా బావుంది కానీ ఎడిసన్ నుంచి ఎన్‌జే ట్రాన్సిట్‌లో పెన్ స్టేషన్‌కి, అక్కడ దిగి గ్రాండ్ సెంట్రల్‌కి, మళ్లీ అక్కణ్నుంచి... మా చిన్నవాడు జ్వరం అన్నాడంటే వెనక్కి రావడం కష్టం. కారే. వైన్ ఎలాగూ మా ఆవిడ తాగదు, నేను మానేస్తా.

స్టార్మ్ కింగ్, పొకీప్సీ రెండూ తీసేశాను. తీసేస్తుంటే మనసు ఒప్పుకోలేదు కానీ సరే. సీతాఫలం గారూ, మీ మెసేజ్ మా ఆవిడకి చదివి వినిపించా, రెనెట్ అంటే ఏంటో విన్నాక ఇంట్లో పిజ్జా మీద కొత్త విచారణ మొదలైంది, అదొకటి.

ఇంకో సందేహం. బట్టలు? సూట్ వేసుకోవాలా? మా ఆవిడ పట్టుచీర కట్టుకుంటానంటోంది. ఫోర్కులు, కత్తులు ఏది ఎప్పుడు?

హడ్సన్_గట్టున:

పట్టుచీర కట్టుకోమనండి, ఆ గదిలో ఆవిడకన్నా బాగా తయారైనవాళ్లు ఉండరు. చెప్పులు మాత్రం కారులో వేరే జత పెట్టుకోండి, కొండ మీద రాళ్లు. మీకు కాలరున్న చొక్కా, బ్లేజర్ చాలు, స్నీకర్స్ వద్దు. ఫోర్కులు బయటి నుంచి లోపలికి, అంతే, తప్పు తీసినా వాళ్లు కోర్సుకి కోర్సుకి మార్చేస్తారు, ఎవరూ చూడరు. నేప్కిన్ ఒళ్లో. బిల్లు వచ్చాక సర్వీస్ చార్జీ అందులో ఉందో లేదో చూసి, లేకపోతే ఇరవై శాతం.

ఒకటి మర్చిపోయా. హైడ్ పార్క్‌లో వంట నేర్పే కాలేజీ ఉంది, క్యులినరీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా. 1946లో కనెక్టికట్‌లో మొదలై 1972లో హడ్సన్ ఒడ్డున జెస్యూట్లనే క్యాథలిక్ సన్యాసుల పాత మఠంలోకి మారింది. అక్కడి రెస్టారెంట్లలో పిల్లలే వండి, వాళ్లే వడ్డిస్తారు, మార్కుల కోసం. చెయ్యి వణుకుతూ సాస్ పోసే పంతొమ్మిదేళ్ల పిల్లని చూస్తే మీ భయం పోతుంది. బయటి చోట్లతో పోలిస్తే చవక. కాలేజీ క్యాలెండర్ బట్టి తెరుస్తారు, సెలవులుంటే మూతే, చూసుకోండి. మరీ పెద్ద స్థాయి కావాలంటే పొకాంటికో హిల్స్‌లో బ్లూ హిల్ ఎట్ స్టోన్ బార్న్స్ ఉంది, మెనూ కార్డే ఇవ్వరు, పొలంలో ఏముంటే అది, కానీ తలకి మీరు అనుకున్నదానికి రెండింతలకి పైనే అవుతుంది. మొదటిసారికి వద్దని నా సలహా.

పప్పుచారు_ఫ్యాన్:

రెండింతలా. రెండు క్యారెట్లు ఇస్తారేమో.

ఎడిసన్_అల్లుడు:

వెళ్లొచ్చాం. అడిగినవాళ్లు చాలామంది మెసేజ్ చేశారు కాబట్టి రాస్తున్నా.

కాలేజీలో మాకు కావాల్సిన టైమ్ దొరకలేదు. కోల్డ్ స్ప్రింగ్‌కి దగ్గర్లో ఒక చిన్న చోట పన్నెండున్నరకి నాలుగు కోర్సుల లంచ్ బుక్ చేశాం. ఫోన్ మా ఆవిడే చేసింది, సీతాఫలం గారి లిస్టు ఎదురుగా పెట్టుకుని. అవతల ఆవిడ "ఒక్క నిమిషం, రాసుకుంటున్నా" అని, చివర్లో మొత్తం తిరిగి చదివి వినిపించిందట. అప్పుడే నాకు సగం టెన్షన్ పోయింది.

ఏడున్నరకి బయల్దేరాం. ముందు సెవెన్ లేక్స్ డ్రైవ్ మీదుగా హారిమన్ పార్కులోంచి వెళ్లాం. చెరువుల మీద పొగమంచు ఇంకా లేవలేదు. పొగమంచు పైన చెట్ల తలలు మాత్రం ఎర్రగా, కింద ఏమీ లేనట్టు. ఎక్కడా ఆగకూడదనుకున్నవాళ్లం నాలుగుసార్లు ఆగాం. ఆ తర్వాత బేర్ మౌంటెన్ పైన పెర్కిన్స్ టవర్ దాకా కారులోనే. 1,305 అడుగులు అంటే మన కొండల ముందు ఏమీ కాదు కానీ, ఆకాశం శుభ్రంగా ఉండి దక్షిణాన అంచు మీద మన్‌హట్టన్ బిల్డింగులు అగ్గిపుల్లల్లా కనిపించాయి. శుక్రవారం కాబట్టి పైన మేము కాక ఓ పది మంది. మా ఆవిడ అక్కడే కారు డోర్ల మధ్య నిలబడి స్వెట్టర్ తీసి చీర సర్దుకుంది, పిన్నీసు దొరక్క పది నిమిషాలు, డ్యాష్‌బోర్డ్‌లో పిల్ల స్కూల్ బ్యాడ్జి పిన్ను ఉంటే దాంతో కానిచ్చాం.

భోజనం. బ్రెడ్డు వెన్నతో మొదలై, బీట్‌రూట్‌ని ఉప్పులో కాల్చి పలచగా కోసి మేక పాల చీజ్‌తో ఇచ్చారు. రెండోది గుమ్మడి సూప్. అది రాగానే మా ఆవిడ చెంచా పట్టుకుని ఆగిపోయింది, మీ కథే గుర్తొచ్చిందట. ఆమె అడగకముందే వడ్డించే అమ్మాయి "ఇది ఉల్లి, ఆపిల్ తొక్కలు మరిగించిన నీళ్లతో చేశాం, మీ నోట్ చూశాను" అంది. నాకు బాతు మాంసం వచ్చింది, బావుంది, కానీ నిజం చెప్పాలంటే ఆవిడ ప్లేట్లో పుట్టగొడుగులు నాకన్నా బావున్నాయి, సగం నేనే తిన్నా. కాల్చిన పుట్టగొడుగు కింద ఏదో నల్లటి చారు పోశారు, ఎండబెట్టిన పుట్టగొడుగులదేనట, మా ఆవిడ రెండోసారి చెంచాతో తీసుకుని "మా అమ్మమ్మ ఉలవచారు ఇలాగే ఉండేది, అడుగున అంటుకున్నట్టు" అంది. ఉలవలు లేవు, చింతపండు లేదు, అయినా నాకు కూడా అదే అనిపించింది. డెసర్ట్ గుడ్డు లేకుండా ఆపిల్‌తో చేశారు, పైన చిన్న కొవ్వొత్తి, పెళ్లిరోజని నేను చెప్పలేదు, ఫోన్‌లో మా ఆవిడే చెప్పినట్టుంది.

ఇద్దరికీ టిప్పుతో కలిపి 240 దాకా అయింది. ఆకలి? తీరింది. క్యారెట్ అన్నా, మాకు ఓక్ ట్రీ రోడ్డులో ఆగాల్సిన పని పడలేదు.

తర్వాత ఏం ప్లాన్ లేదు. నది ఒడ్డున బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం. రైలు వచ్చినప్పుడల్లా వెనక నేల అదిరేది. ఫొటోలు తీద్దామంటే ఫోన్ కారులో మర్చిపోయా, తన ఫోన్‌లో తీసినవి ఏడో ఎనిమిదో ఉన్నాయి. మధ్యలో అత్తగారు వీడియో కాల్, చిన్నవాడు స్క్రీన్ మీద ముఖం అంతా పెట్టి "అమ్మా చెట్టు చూపించు" అన్నాడు, చూపిస్తే "ఇది కాదు, రెడ్ది" అన్నాడు. పక్కన ఉన్న మేపుల్ దగ్గరికి నడిచి వెళ్లి చూపించాల్సి వచ్చింది.

నాలుగున్నరకి బయల్దేరి వెలుగుండగానే కొండ రోడ్లు దాటేశాం. అయినా ఒక జింక కనిపించింది, రోడ్డు పక్కన నిలబడి మమ్మల్నే చూస్తూ. ఆరున్నరకి ఇంట్లో ఉన్నాం. అత్తగారు "ఇంత తొందరగా వచ్చారేంటి, గొడవ పడ్డారా" అని అడిగారు.